పాత బియ్యంలో కెమెరా

మా ఇంట్లో ఎవరికి ఏం జరిగినా మా నాన్న ముందు బియ్యం సంగతి ఆలోచిస్తాడు. కడుపులో నొప్పి అంటే ఏ బియ్యం తిన్నావని అడుగుతాడు. నాకు ఒక సంబంధం వస్తే కుర్రాడి ఉద్యోగం కన్నా ముందు వాళ్ళింట్లో ఏ బియ్యం వండుతారో కనుక్కున్నాడు. ఆ సంబంధం అక్కడే ఆగిపోయింది. రాజాంలో మాకు బియ్యం కొట్టు ఉంది కాబట్టి అలా తయారయ్యాడని చూసినవాళ్ళు అనుకుంటారు. అలా పుట్టాడు కాబట్టే కొట్టు పెట్టాడని నా అనుమానం. అటువంటి మనిషి ఉన్న ఇంట్లో ఒక కెమెరా తడిసింది. తప్పు ఎవరిదన్న విషయంలో మా ఇంట్లో ఇప్పటికీ రెండు పార్టీలున్నాయి. నేను నా పార్టీ తరఫునే రాస్తున్నాను, ముందే చెప్పేస్తున్నాను.

కెమెరా నాది. ఊళ్ళోనే ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను, సెలవు రోజుల్లో ఫోటోలు తీస్తాను. ఒకరు వాడి వదిలేసినదాన్ని బేరమాడి కొనుక్కున్నాను. తెచ్చిన రోజు నాన్న దాన్ని అరచేతిలో పెట్టుకుని పైకీ కిందికీ ఊపి, "కేజీ తూగదు" అని తిరిగి ఇచ్చేశాడు. అంతకుమించి దానిమీద ఆసక్తి చూపించలేదు. తర్వాత చూపించాడు, అదే కొంప ముంచింది.

ఇక మా అత్త. నాన్నకి అక్క, ఏడేళ్ళు పెద్దది. మావయ్య పోయిన దగ్గర్నుంచీ మా ఇంట్లోనే ఉంటోంది. బజారులో ఎవరికీ తగ్గని మా నాన్న ఆవిడ ముందు మాత్రం నిక్కరు వేసుకున్న పిల్లాడైపోతాడు. ఆవిడ ఇప్పటికీ ఆయన్ని 'ఒరే' అనే పిలుస్తుంది, కొట్లో నలుగురు కూర్చున్నా సరే.

మావయ్య పోయినప్పుడు గోడకి పెట్టడానికి ఆయనది మంచి ఫోటో ఒక్కటీ దొరకలేదు. చివరికి బ్యాంకు పుస్తకం మీది ఫోటోని పెద్దది చేయించారు. అది తీయించుకున్న రోజున ఆయన ఆ ఫోటో తీసేవాడితోనే గొడవపడ్డాట్ట. ఆ కోపం అలాగే అచ్చుపడింది. పదకొండు రోజులూ పరామర్శకి వచ్చినవాళ్ళు ఆ ఫోటో ముందు నిలబడి, మేమేం తప్పు చేశామా అని ఆలోచనలో పడ్డారు. ఒకాయన ఎప్పటిదో పొలం గట్టు తగాదా గురించి ఫోటోకి దణ్ణం పెట్టి క్షమాపణ కూడా చెప్పుకున్నాడు.

అది చూసి మా అత్త ఒట్టు పెట్టుకుంది. "నాను పోయేక నా మొకం ఇలగ ఏలాడదీస్తే ఊరుకోను. నా దండ పోటో నానే సూసుకుంటాను. పోయేక ఎలాగూ మాటాడనేను, మొకమైనా బాగుండాల కదా" అంది. ఆ పని నాకు అప్పజెప్పింది.

వినడానికి చిన్న పనే. కానీ మా అత్తకి ముందు పన్ను ఒకటి లేదు. నవ్వు వచ్చిందంటే చాలు, చీర చెంగు నోటికి అడ్డం పడిపోతుంది. కెమెరా చూస్తే ఆ నవ్వు కూడా పోయి, పోలీసు స్టేషన్లో సాక్ష్యం చెప్పే మొహం పెడుతుంది. వంటింట్లో తీశాను, డాబా మీద తీశాను, తెలియకుండా తలుపు చాటు నుంచి తీశాను. అన్నిట్లోనూ ఆధార్ కార్డే. ఆరు నెలలు తీశాక ఆవిడే విసుక్కుంది. "నీకు రాదే గుంటా" అంది.

ఒక ఆదివారం అందరం కారులో అరసవల్లి వెళ్ళాం. దర్శనం అయ్యాక ఎండ ఇంకా ముదరలేదు కదాని కళింగపట్నం సముద్రానికి పోయాం. ఇసక చెప్పుల్లోకి పోతుందని అమ్మ కారు దిగలేదు. మేం ముగ్గురం నీళ్ళ దాకా వెళ్ళాం. అత్త రెండు చేతులతోనూ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని చీలమండల లోతులో నిలబడింది. నాన్న పంచె మోకాళ్ళ దాకా మడిచి, ఒక చేత్తో చెప్పులు, ఇంకో చేత్తో ప్రసాదం కవరు పట్టుకుని మాకు జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టాడు.

"సముద్రానికి ఎప్పుడూ ఈపు పెట్టకూడదు. అది మనల్ని సూస్తన్నంతసేపూ మనం దాన్ని సూస్తా ఉండాల" అన్నాడు. ఈ మాట మావైపు తిరిగి, అంటే సముద్రానికి వీపు పెట్టి అన్నాడు.

అల వచ్చింది. పెద్దదేమీ కాదు. నాన్న ముందు కూర్చున్నాడు, ఆ తర్వాత పడుకున్నాడు, ఆ తర్వాత రెండు కాళ్ళూ ఆకాశంలోకి లేచాయి. ప్రసాదం కవరు పట్టుకున్న చెయ్యి మాత్రం నీళ్ళపైన నిటారుగా నిలిచింది. ఒక్క బొట్టు పడనివ్వలేదు. అత్త నవ్వింది. చేతులు రెండూ కుచ్చిళ్ళకే సరిపోయాయి, చెంగు నోటి దాకా వెళ్ళలేదు. నేను బటన్ నొక్కాను.

కెమెరా వెనక తెరలో చూసుకున్నాను, ఈసారి ఆధార్ కార్డు కాదు. పరిగెత్తి అత్తకి చూపించాను. ఆవిడ కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది. పన్ను లేని సందు కూడా కనిపిస్తోంది. "ఇదే. ఇదేనే నా దండ పోటో. ఇంక నాకు దిగుల్నేదు" అంది. మావయ్య పోయాక ఆవిడ అంత తృప్తిగా మాట్లాడటం నేను వినలేదు.

ఇక్కణ్ణుంచి రెండు పార్టీలు. "నన్నెవులైనా లేపుతారా, పోటోలే సూసుకుంటారా" అని నాన్న నీళ్ళలోంచి చెయ్యి చాచాడు. నేను ఎడమ చెయ్యి ఇచ్చాను, కుడి చేతిలో కెమెరా ఉంది. ఆయన ఎడమ చెయ్యి వదిలేసి కుడి చెయ్యే పట్టుకున్నాడు, అదే దగ్గరగా ఉందట. సరిగ్గా అప్పుడే ఇంకో అల. నేనూ కూర్చున్నాను. కెమెరా నా కన్నా ముందు కూర్చుంది. దాని తాడు మెడలో వేసుకోవలసిందని నాన్న పార్టీ అంటుంది. పడ్డవాడు ఇచ్చిన చెయ్యి పట్టుకోవాలిగానీ నచ్చిన చెయ్యి పట్టుకోకూడదని మా పార్టీ అంటుంది. కారులో అమ్మ మా ముగ్గుర్నీ చూసి, "ప్రసాదం తడిసిందా?" అని ఒక్క మాటే అడిగింది.

కెమెరా సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. వెంటనే బ్యాటరీ పీకేశాను, అంతవరకు నాకు తెలుసు. "నా పోటో కూడా సచ్చిపోనాదా?" అని అత్త మెల్లగా అడిగింది. ఫోటో లోపలి కార్డులో ఉంటుందనీ, ఆరేదాకా ఇంకేమీ కదపకూడదనీ చెప్పాను. ఎక్కడో ఒక వీడియోలో చూశాను అలా. ఆవిడకి నేను చెప్పింది అర్థమైందో లేదో కానీ తన సలహా మాత్రం చెప్పింది.

"ఇంటికెల్లగానే మంచినీల్లల్లో ముంచి జాడించండి. ఉప్పుసేప అలగే కదేటి కూరొండుతాం. ముందు ఉప్పు పోతేగానీ ఏదీ దారిలోకి రాదు."

కారంతా నవ్వింది. నేనైతే వెక్కిరించాను కూడా. నీళ్ళలో పడి చచ్చినదాన్ని మళ్ళీ నీళ్ళలో ముంచమంటావేమిటి అత్తా, ఉల్లిపాయలు కూడా కోయమంటావా అన్నాను. ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఇంటికి రాగానే నాన్న రంగంలోకి దిగాడు. తడిసినదాన్ని బియ్యంలో పెడితే ఆరిపోతుందని ఈ రోజుల్లో ఎవరిని అడిగినా చెబుతారు. మిగతావాళ్ళు వంటింటి డబ్బాలో పెట్టి ఊరుకుంటారు. మా నాన్నకి అదొక శాస్త్రం. కొత్త బియ్యం పనికిరావు, వాటిలో చెమ్మ వాటికే ఉంటుంది. ఏడాది బియ్యం ఫరవాలేదు. రెండేళ్ళ పాత బియ్యమైతే గ్లాసుకి అర గ్లాసు నీళ్ళు ఎక్కువ తాగుతాయి, ఇంక కెమెరాలో ఉన్న నీళ్ళెంత. కొట్టు వెనక గదిలో ఎవరికీ చూపించకుండా దాచుకున్న రెండేళ్ళ సాంబ మసూరి బస్తా ఒకటి స్వయంగా మోసుకొచ్చి మూతి విప్పాడు. గుడ్డలో చుట్టి పెడదామని అమ్మ అంటే ఒప్పుకోలేదు. "గుడ్డ తాగేస్తే బియ్యానికేటి మిగుల్తాది?" అన్నాడు. కెమెరాని, బ్యాటరీని బియ్యంలోకి మోచేతి లోతున దింపి, మూతి కట్టి, కొట్లో తన కుర్చీ పక్కనే పెట్టుకున్నాడు. వచ్చినవాళ్ళకి చూపించి మరీ చెప్పుకున్నాడు. మూడు రోజులపాటు మా కొట్టుకి వచ్చినవాళ్ళందరూ ఆ బస్తాని ఆసుపత్రి మంచాన్ని చూసినట్టు చూసి వెళ్ళారు.

గురువారం పొద్దున్నే కెమెరాని బియ్యంలోంచి తీశాను. పైన పొడిగా, శుభ్రంగా ఉంది. బ్యాటరీ పెట్టి నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. కాలేజీకి సెలవు పెట్టి, మొదటి బస్సుకి విజయనగరం పోయాను. అక్కడ కోట దగ్గర ఒక సందులో కెమెరాలు బాగుచేసే ఆయన ఉన్నాడు. కంటికి భూతద్దం బిగించుకుని, మూలుగుతూ పనిచేస్తాడు.

ఆయన మరలు విప్పి పైమూత తీశాడు. లోపల తెల్లగా, ఆకుపచ్చగా ఏదో పొక్కులు కట్టి ఉంది. పట్టకారుతో అటూ ఇటూ కదిపి, ఒక గింజ పైకి తీసి వెలుతురులో పెట్టి చూశాడు.

"సాంబ మసూరా?" అన్నాడు.

అవునన్నాను. రెండేళ్ళ పాతవని కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో నాకు తెలియదు, పెంపకం.

"మంచి బియ్యం పాడుసేసినారమ్మా. బియ్యానికి నీల్లు తాగడం వస్తాది గానీ ఉప్పు తినడం రాదు కదా. నీల్లెలిపోనాయి, ఉప్పు ఉండిపోనాది. అదే లోపలంతా తినేస్తన్నాది. పైగా ఈ తవుడొకటి."

"మరి ఏం చెయ్యాల్సిందండీ?"

"సముద్రంలోంచి తీసిన ఎంటనే మంచినీల్లల్లో ముంచి జాడించాల. ఉప్పు పోయేక ఆరబెట్టుకోవాల. నీల్లంటే బయ్యపడి ఎవులూ సెయ్యరు."

నాకు ఉప్పుచేప గుర్తొచ్చింది, కారు కిటికీ వైపు తిరిగిన అత్త మొహం గుర్తొచ్చింది. ఈ మాట ఇంట్లో చెప్పకూడదని అక్కడికక్కడే నిర్ణయించుకున్నాను.

అయినా ఆయన వదల్లేదు. చిన్న బ్రష్షుని స్పిరిట్‌లో ముంచి పొక్కులన్నీ గోకాడు. వేడిగాలి కొట్టాడు. ఇంకో బ్యాటరీ తెచ్చి పెట్టాడు. మూడు గంటలయ్యాక తెర వెలిగింది. తేదీ చెప్పమని అడిగింది. నేను రోజు పెట్టాను, నెల పెట్టాను. సంవత్సరం దగ్గరికి వచ్చేసరికి ఆరిపోయింది. మళ్ళీ వెలగలేదు.

"దానికి ఇంక ఏ సమత్సరమైతే ఏటిలే" అన్నాడాయన.

సరేనండీ, పోతే పోయింది, లోపలి కార్డు ఇచ్చెయ్యండి, నాకు కావలసింది అందులో ఉంది అన్నాను. ఆయన భూతద్దం తీసి నన్ను చూశాడు. "కార్డు ఎక్కడుందమ్మా, నువ్విచ్చినప్పుడే గూడు కాళీగా ఉన్నాది" అన్నాడు.

సందులోనే నిలబడి నాన్నకి ఫోన్ చేశాను.

"కెమెరాలోంచి కార్డు ఏమైనా తీశావా నాన్నా? నీలంగా, తపాలా బిళ్ళంత ఉంటుంది."

"ఆ బిల్లా? తీసేను కదమ్మా. లోపల తడి ఉండిపోతాదని సోమారం నాడే ఏరేగా ఆరబెట్టేను."

"ఎక్కడ?"

"ఇంకెక్కడ, బియ్యంలోనే."

ఆరు నెలల పాటు కెమెరా వంక చూడని మనిషికి సోమవారంనాడే ఆసక్తి పుట్టాలా. కోపం దిగమింగుకుని, ఆ బస్తా విప్పి వెతకమన్నాను. కొట్లో ఎవరో దగ్గడం వినిపించింది.

"ఒక పనైపోనాదమ్మా" అన్నాడు చివరికి. "నువ్వెల్లగానే ఒకలొచ్చినారు. కూతురు పురిటికొచ్చింది, బాలింతకి పాత బియ్యం గావాలన్నారు. బాలింతకని అడిగితే ఉన్న బియ్యం లేవని ఎలగ సెప్పను?"

ఇది మా ఇంటివాళ్ళు మాత్రమే చెయ్యగల తప్పు. మామూలు బియ్యంలో పెట్టి ఉంటే ఆ బస్తా ఇప్పటికీ ఆయన కుర్చీ పక్కనే ఉండేది. మంచి బియ్యం కాబట్టే పోయింది.

కొన్నవాళ్ళది పాలకొండ రోడ్డులో దగ్గర్లోనే ఉన్న పల్లె, నాన్నకి తెలిసినవాళ్ళే. ఫోన్ చేశాం. పాపం వాళ్ళు బస్తా అంతా చాపమీద పోసి, ఇద్దరు కూర్చుని దోసిళ్ళతో వెతికారట. శుక్రవారం సాయంత్రం ఫోన్ చేసి ఏమీ లేదని చెప్పారు. ఒక పూట వండుకుని తిన్నాం కానీ ఎవరి నోటికీ ఏమీ తగల్లేదని కూడా అన్నారు. ఆ తర్వాత ఆ ఇంటి పెద్దావిడ గొంతు తగ్గించి, "బాలింతకేటీ అవదు కదా?" అని అడిగింది. ఏమీ కాదని నేను గట్టిగా చెప్పాను. ఏమవుతుందో నాకు మాత్రం ఏం తెలుసు.

ఇంక అత్తకి చెప్పాలి. నాన్న చెబుతాడని నేను, నేను చెబుతానని నాన్న, ఇద్దరం వంటింటి గుమ్మం దగ్గర ఒకరినొకరు ముందుకి తోసుకున్నాం. చివరికి నేనే చెప్పాను. కార్డు పోయిందత్తా అన్నాను. ఎలా పోయిందో చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళ బియ్యం వ్యాపారి బియ్యంలో పోగొట్టాడని చెప్పడానికి నాకే సిగ్గేసింది. తిడుతుందనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనే, "పోనీలే, ఆదార్ కారడు పోటో ఉన్నాది కదా" అంది. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆవిడని వెక్కిరించిన నోరు నాది.

శనివారం పొద్దున్న నాన్న నన్ను కొట్టు వెనక గదిలోకి పిలిచాడు. తలుపు దగ్గరగా వేశాడు. ఏదో పెద్ద విషయమే అనుకున్నాను.

"రేపు ఆదివారం" అన్నాడు. "మీ అత్తకి సెప్పకు. ఊరికే తిరిగొద్దామని సముద్రానికి తీసుకెల్దాం. నీ ఫోను పట్టుకుని రెడీగా ఉండు. నాను పడతాను."

నాకు అర్థం కాలేదు. ఎక్కడ పడతావన్నాను.

"నీల్లల్లో. మొన్న పడ్డట్టే పడతాను. అది నవ్వుతాది, నువ్వు తీసీ."

"మళ్ళీ నవ్వొస్తుందని ఏముంది నాన్నా? కావాలని పడితే తెలిసిపోతుంది."

"మూడు నాలుగు రకాలుగా పడతాను. ఏదో ఒకదానికి రాకుండా ఉంటాదా?" అన్నాడు. బియ్యం బస్తాకి జారగిలి, ఎలా పడితే బాగుంటుందో ఒకటి రెండు చూపించాడు కూడా. అరవై దాటిన మనిషి. బజారంతా 'మీరు' అని పిలిచే మనిషి. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి, ఏది ముందు రానివ్వాలో తెలియక తల ఊపాను.

అప్పుడే తలుపు తోసుకుని అత్త వచ్చింది. బియ్యం కోసం చేట పట్టుకుని వచ్చింది, నాన్న నేలమీద ఒక కాలు ఎత్తి ఉండగా చూసింది. "ఏట్రా అది?" అంది. ఇంక దాచి లాభం లేదు. నాన్న లేచి పంచె దులుపుకుంటూ మొత్తం చెప్పేశాడు, బిళ్ళ, బస్తా, బాలింత, అన్నీ. విజయనగరంలో ఆయన చెప్పిన మంచినీళ్ళ మాట నేనూ కక్కేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, కక్కితే కాస్త తేలికపడ్డాను.

అత్త అంతా విని, ఉప్పుచేప సంగతి ఎత్తనే లేదు. ఒకే ఒక ప్రశ్న అడిగింది.

"పాత బియ్యం కదా, పురుగుంటాది. సెరక్కుండా బాలింతకి వండరు. సెరిగిన సెత్త ఎక్కడేసినారు?"

ఆ సంగతి మేం ఫోన్లో అడగనే లేదన్నాను.

"రాయైతే బరువు, సేటలోనే ఉండిపోతాది. ఆ బిల్ల ప్లాస్టిక్కు. పొట్టుతోపాటు ముందుకెల్లి కింద పడిపోతాది. బియ్యంలో ఎంత ఎతికితే ఏటి దొరుకుతాది? ముప్పయ్యేల్లు బియ్యం అమ్మేడు, ఓపాలైనా సేట పట్టేడా?" అంది.

పావుగంటలో ముగ్గురం ఆటోలో ఉన్నాం. బాలింత ఇంటికి వట్టి చేతులతో పోకూడదని అత్త దారిలో ఆటో ఆపించి వెల్లుల్లి, బెల్లం, పసిబిడ్డకి ఒక జుబ్బా కొంది. అంత తొందరలోనూ జుబ్బా రంగు దగ్గర పేచీ పెట్టింది. నాన్న ఆటోలోంచి దిగకుండా గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు.

ఆ ఇంట్లో పెద్దావిడ మమ్మల్ని చూసి కంగారుపడింది. చాపమీద పోసిన బియ్యం చూపించబోయింది. అత్త బియ్యం వంక చూడనైనా చూడలేదు. చెరిగిన చెత్త ఎక్కడ వేశారని అడిగింది. కోళ్ళకని పెరట్లో ఒక రేకు డబ్బాలో పోసి ఉంచుతున్నామని ఆవిడ చెప్పింది. పెరట్లోకి వెళ్ళేసరికి నాలుగు కోళ్ళు ఆ డబ్బా చుట్టూ నిలబడి ఉన్నాయి. ఒకటి డబ్బా అంచుమీదే ఎక్కి కూర్చుంది. మా నాన్న జీవితంలో అంత వేగంగా నడవడం నేను చూడలేదు. కోడిని తోలి, డబ్బాని రెండు చేతులతో గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు. కోడి నాకేసి చూసింది. దాని కడుపులో ఉందేమోనని నేనూ దానికేసి చూశాను.

అత్త కింద కూర్చుని డబ్బాలోది చేటలో కొంచెంగా వంచింది. చేట కదిపింది. మూడోసారి వంచినప్పుడు తవుడులోంచి నీలం మూల ఒకటి బయటపడింది. రెండు వేళ్ళతో తీసి, ఊది, నాన్న అరచేతిలో పెట్టింది. "తూకం సూడు, కేజీ ఉందేమో" అంది. నాన్న కళ్ళు తుడుచుకుని తవుడు పడిందన్నాడు.

నేను చెయ్యి చాచేలోపలే అత్త ఆ బిళ్ళని మళ్ళీ తీసేసుకుంది. నూతి దగ్గరికి వెళ్ళి, చెంబులో మంచినీళ్ళు పట్టి, అందులో వేసింది. నేను అడ్డుపడబోయాను.

"ఈపాలి నా మాటినండి" అంది.

ఆవిడ చెంబుని మూడుసార్లు తిప్పి, నీళ్ళు పారబోసి, మళ్ళీ పట్టి మళ్ళీ జాడించింది. తర్వాత చెంగుతో అద్ది, కొంగున ముడి వేసుకుంది. ఆ పెద్దావిడ టీ ఇచ్చింది. తాగుతూ అత్త బాలింతకి ఏమేం పెట్టాలో, పెట్టకూడదో అరగంట చెప్పింది. మేం వచ్చిన పని అదే అన్నట్టు చెప్పింది.

రెండు రోజులు నీడలో ఆరబెట్టి రాజాంలో ఒక స్టూడియోకి పట్టుకెళ్ళాం. అక్కడి కుర్చీలో అత్తని కూర్చోబెట్టాం. స్టూడియో ఆయన తన కంప్యూటర్లో కార్డు పెట్టాడు. ఒక నిమిషం తెల్లగా ఉన్న తెరమీద ముందు ఆధార్ కార్డు మొహాలు వరసగా వచ్చాయి, ఆరు నెలలవి. చివరిది వచ్చింది. అత్త కుచ్చిళ్ళు పట్టుకుని నోరారా నవ్వుతోంది. కళ్ళు గీతలైపోయాయి. వెనక సముద్రం. ఎడమవైపు కింది మూల రెండు అరికాళ్ళు, తడిసిన పంచె, వాటి పైన ప్రసాదం కవరు పట్టుకున్న ఒక చెయ్యి. తీసినప్పుడు నేను అత్తనే చూశాను, ఆ కాళ్ళు అందులో పడ్డాయని అప్పుడు గమనించలేదు. నేను ఆ స్టూడియోలో నలుగురి ముందూ ఏడ్చేశాను. అత్త నన్ను చూసి, "ఇప్పుడేటి ఏడుస్తావే, నాను బతికే ఉన్నాను కదా" అంది.

"చాలా బాగొచ్చింది మేడమ్, ఈ కాళ్ళు కట్ చేసేస్తాను" అన్నాడు స్టూడియో ఆయన.

"కోసీ కోసీ" అన్నాడు నాన్న వెంటనే. "దండేసే పోటోలో అరికాల్లేటి, అసయ్యంగా."

"కొయ్యొద్దు" అంది అత్త. "ఆడి కాల్లు లేకపోతే నానేటి సూసి నవ్వుతన్నానో ఎవులికి తెలుస్తాది? ముసిల్దానికి పిచ్చెక్కిందనుకుంటారు."

నాన్న బతిమాలాడు. కొట్టుకి వచ్చేవాళ్ళు ఇంటికి కూడా వస్తారనీ, బజారులో తలెత్తుకోలేననీ అన్నాడు. అత్త ఒప్పుకోలేదు. కాళ్ళతోనే అద్దం కట్టించాం. కెమెరా మాత్రం మళ్ళీ బతకలేదు. ఇప్పుడది కొట్లో బిల్లు కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా ఉంటోంది. కేజీ తూగకపోయినా పనికొస్తోందని నాన్న అంటాడు.

ఫోటోని ఇప్పుడే గోడకి పెట్టాలని అత్త పట్టుబట్టింది. బతికున్నదానికి తొందరేమిటని అమ్మ అంటే, "ఇప్పట్నించే అలవాటు పడండి" అంది. మావయ్య పక్కనే పెట్టించింది. ఆయన ఇంకా కోపంగానే ఉన్నాడు, కానీ ఇప్పుడు ఆ పక్క నవ్వు చూసి విసుక్కుంటున్నట్టు ఉంటుంది. నాన్న స్టూలు ఎక్కి మేకు కొట్టాడు. ఫోటో తగిలించాక, వంకర లేదు కదా అని వెనక్కి తిరిగి అడిగాడు.

"బాగానే ఉన్నాది. ఒరే, దండేసిన రోజున మాత్రం సిన్నది ఎయ్యండి. పెద్ద దండైతే నీ కాల్లు కప్పడిపోతాయి" అంది అత్త.

నాన్న సుత్తి చంకలో పెట్టుకున్నాడు. "ఊరుకో అప్పా" అన్నాడు. కాసేపటికి మళ్ళీ గోడ వైపు తిరిగి, "ఎక్కడి దాకా రావాల?" అని అడిగాడు. అత్త వేలుతో చూపించింది. ఆయన జేబులోంచి పెన్సిల్ తీసి, అద్దం పక్కన గోడమీద చిన్న గీత పెట్టాడు.

అత్త రోజూ పొద్దున్న స్నానం అయ్యాక గుడ్డ పట్టుకుని ఆ అద్దం తానే తుడుచుకుంటుంది. తన మొహం మాత్రం ఆఖర్న తుడుస్తుంది. మొదట మా నాన్న కాళ్ళు తుడుస్తుంది.